అన్నగారి కారు, తమ్ముడి స్టీరింగు

నేను కాపురానికి వెళ్ళిన ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరన్న సంగతి పెళ్ళికి ముందు నాకు ఎవరూ చెప్పలేదు. కావాలని దాచలేదు. అప్పటికే అది ఆ ఇంట్లో ఎంత మామూలైపోయిందంటే, కొత్త కోడలికి చెప్పాల్సిన విషయమని ఎవరికీ తట్టలేదు.

మా పుట్టిల్లు గుంటూరు. అత్తగారి ఊరు పర్చూరు దగ్గర. మిరప, పత్తి, కాస్త పొగాకు. కింది వాటాలో మా మావయ్యగారు, అత్తయ్యగారు, మా ఆయన, నేను. పై వాటాలో మావయ్యగారి తమ్ముడు, ఆయన భార్య. వాళ్ళమ్మాయి పెళ్ళయి ఒంగోలు వెళ్ళిపోయింది. వంటలు వేరు, వ్యవసాయం మాత్రం ఉమ్మడి. ఇంటి ముందు రేకుల షెడ్డులో ఒక తెల్ల కారు ఉండేది. అదీ ఉమ్మడే.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున కాఫీలు తీసుకుని వరండాలోకి వెళ్ళాను. అన్నదమ్ములు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఒకటే పేపరు, చెరో కాగితం.

"అమ్మాయ్, జిల్లా పేజీ చదవటం అయిందేమో కనుక్కో," అన్నారు మావయ్యగారు.

నేను చుట్టూ చూశాను. "ఎవర్ని కనుక్కోవాలి మావయ్యగారూ?"

"ఇక్కడ ఇంకెవరున్నారు?"

జానెడు దూరంలో ఉన్న చిన్న మావయ్యగారు కాగితం దించకుండానే, "ఇంకా కాలేదని చెప్పమ్మా," అన్నారు.

ఇద్దరూ ఇద్దరి మాటా విన్నారు. అయినా నా వంకే చూస్తున్నారు. చేతిలో కాఫీ గ్లాసులతో నిలబడి, "ఇంకా కాలేదంట మావయ్యగారూ," అన్నాను.

"తొందరేం లేదని చెప్పు."

అదీ చెప్పాను. చెప్పి వంటింట్లోకి పరుగెత్తుకెళ్ళి అత్తయ్యగారిని అడిగాను. ఆవిడ గోంగూర ఒలుస్తూ, "అదా, కారు దగ్గర వచ్చిందమ్మా," అన్నారు, జలుబు ఎలా పట్టుకుందో చెప్పినంత తేలిగ్గా.

కారు కొన్నది మిరపకు మంచి రేటు పలికిన ఏడు. ఇంటికి పెద్ద కాబట్టి మావయ్యగారి పేరు మీద కొన్నారు. నడిపేది మాత్రం చిన్న మావయ్యగారు. ట్రాక్టరు తోలిన చెయ్యి, లైసెన్సు ఉన్నదీ ఆయనకే. మా ఆయనకు మోటారుసైకిలు లైసెన్సు తప్ప మరొకటి లేదు. మావయ్యగారికి కారు నడపటం రాదు గాని, ఎలా నడపాలో మాత్రం పూర్తిగా తెలుసు. ముందు సీట్లో ఎక్కింది మొదలు, "గేదొస్తంది చూడు," "హారను కొట్టు," "ఎందుకురా అంత హారను," "లారీని దాటు," "ఏం తొందరని దాటావు," అంటూ ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉండేవారట.

ఒకరోజు గుంటూరు మిర్చి యార్డు నుంచి వస్తూ చిలకలూరిపేట దాటాక చిన్న మావయ్యగారు కారు పక్కకు తీసి ఆపేశారు. దిగి, ఇటు తిరిగి వచ్చి, అన్నగారి వైపు తలుపు తీసి పట్టుకున్నారు.

"నువ్వన్నా తోలు. లేకపోతే నోరన్నా మూసుకో."

తమ్ముడి నోట అంత మాట వస్తుందని మావయ్యగారు అనుకోలేదు. చేత్తో తలుపు లాగేసుకుని నోరు మూసుకున్నారు. కారు ఇల్లు చేరింది, నోరు తెరుచుకోలేదు. ఇవాళ కాకపోతే రేపు మాట్లాడతారులే అనుకున్నారు ఆడవాళ్ళు. నేను కాపురానికి వచ్చేటప్పటికి అలా మూడేళ్ళు గడిచిపోయాయి.

విచిత్రమేమిటంటే కారులో ప్రయాణాలు ఆగలేదు. యార్డుకైనా, చీరాలకైనా, అమరావతి గుడికైనా చిన్న మావయ్యగారే నడపాలి, మావయ్యగారు ముందు సీట్లోనే కూర్చోవాలి. ఒక్క మాట ఉండేది కాదు. కాకపోతే లారీ ఎదురొచ్చినప్పుడల్లా మావయ్యగారి కుడికాలు తనంతట తాను కిందికి నొక్కేది. ఆయన కాళ్ళ కింద మ్యాటు బ్రేకు ఉండాల్సిన చోట చిల్లు పడింది. అది చూసి నాకు నవ్వాగేది కాదు. వెనక సీట్లో అత్తయ్యగారు నా తొడ గిల్లేవారు.

ఇలా ఉండగా పక్క ఊళ్ళో ఒకరి కారు కాలవలో పడింది. ప్రాణాలు పోలేదు. కారు ఓనరుకు చెయ్యి విరిగితే ఇన్సూరెన్సు వచ్చిందట, వెనక కూర్చున్న వాళ్ళ అత్తగారికి కాలు విరిగితే రాలేదట. ఆవిడ పేరు పాలసీలో లేదట. ఈ వార్త విన్న దగ్గర్నుంచి మా అత్తయ్యగారికి నిద్ర లేదు.

"కారుకు రాయించారు, కారు అద్దానికి రాయించారు. మనుషులకు రాయించలేదంటే ఏంది?" అని మావయ్యగారిని నిలదీశారు. "మన ఇంటోళ్ళ పేర్లన్నీ అందులో ఎక్కాల్సిందే."

పాలసీ గడువు దగ్గర పడింది కాబట్టి పర్చూరు నుంచి ఏజెంటును పిలిపించారు. నలభై ఏళ్ళ మనిషి, మాటకారి. వరండాలో కూర్చుని, అత్తయ్యగారు పెట్టిన సున్నుండ కొరుకుతూ విషయమంతా చెప్పాడు. కారు ఓనరే నడిపేవాడైతే ఆయనకు ఒక ప్రమాద బీమా కవరు ఉంటుంది, దానికి లైసెన్సు కావాలి. మిగతా వాళ్ళకు, ఎన్ని సీట్లుంటే అంతమందికి, పేర్లు రాసి వేరే కవరు తీసుకోవచ్చు.

"కారు మీ పేరు మీదే కదండీ? లైసెన్సు ఒకసారి ఇవ్వండి," అని మావయ్యగారిని అడిగాడు.

"లేదు."

"పర్లేదండీ, ఇంట్లో వెతికి తర్వాత ఫోన్లో పంపండి."

"వెతికితే దొరకటానికి, అసలు తీసుకుంటే గదయ్యా."

ఏజెంటు సున్నుండ పక్కన పెట్టాడు. "మరి కారు ఎవరు తోలతారండీ?"

మావయ్యగారు పైకప్పు వంక చూశారు. పైకప్పు మీద ఉన్నది తమ్ముడి వాటా. "తోలేవాళ్ళు తోలతారు."

"అంటే డ్రైవరున్నాడా?"

"ఆఁ."

"జీతానికేనాండీ?"

తమ్ముడు అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట ఆయన నోట మూడేళ్ళుగా రాలేదు, ఇప్పుడూ రాలేదు. నేను చెబుదామని నోరు తెరిచేలోపే, "ఏదో ఒకటి రాసుకోవయ్యా," అనేశారు.

"అయితే జీతం డ్రైవరని రాస్తానండీ. దానికీ కవరుంది," అన్నాడు ఏజెంటు ఉత్సాహంగా.

మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగిపోయింది. చిన్న మావయ్యగారు సగం మెట్లు దిగి నిలబడి ఉన్నారు. మెల్లగా మిగతా మెట్లు దిగి, జేబులోంచి కారు తాళాలు తీసి, క్యాలెండరు మేకుకు తగిలించి, నా వైపు తిరిగారు.

"అమ్మా, డ్రైవరు పని మానేశాడని మీ మావయ్యగారికి చెప్పు. జీతం బాకీ ఏం లేదని కూడా చెప్పు."

నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. మావయ్యగారి మొహం చిన్నబోయింది. ఏజెంటు సంచీ సర్దుకుంటూ, "ఆయనెవరండీ?" అని నన్ను మెల్లగా అడిగాడు. వాళ్ళ తమ్ముడని చెప్పాను. సగం కొరికిన సున్నుండ వదిలేసి వెళ్ళిపోయాడు. మామూలు పాలసీ మాత్రం గడువులోపు కట్టించాం. పేర్ల సంగతి అలాగే ఉండిపోయింది.

కారు షెడ్డులోనే ఉండిపోయింది. దాని మీద కోళ్ళు ఎక్కటం మొదలుపెట్టాయి. అంతలో కనిగిరిలో అత్తయ్యగారి తరపు బంధువుల పెళ్ళి వచ్చింది. తోడికోడళ్ళిద్దరూ బస్సులు మారి వెళ్ళి, బస్సులు మారి వచ్చారు. వాళ్ళకేమీ తగాదా లేదు. అసలు భర్తలు మాట్లాడుకోవటం మానేశాక వీళ్ళ మాటలు ఇంకా పెరిగాయి. అత్తయ్యగారు వాచిపోయిన పాదాలు స్టూలు మీద పెట్టుకుని, వీధిలోకి వినపడేలా అన్నారు.

"ఇంట్లో కారు పెట్టుకుని బస్సులో నిలబడి వచ్చింది మేమే అయ్యుంటాం ఈ జిల్లాలో. ఇంకో పెళ్ళికి పోవాలంటే ఆ కారు కదలాల, లేకపోతే నేను కదలను."

ఆ సాయంత్రం మావయ్యగారు నన్ను పిలిచి, "అమ్మాయ్, ఆ లైసెన్సు ఎట్టా తీసుకోవాలో ఫోన్లో చూడు," అన్నారు. అరవై దాటిన మనిషి. నేను మొహం అదోలా పెట్టానేమో, "ఏం, నేను కారు తోలకూడదని ఉందా?" అని గద్దించారు.

ముందు ఎల్ బోర్డు లైసెన్సుకు పరీక్ష ఉంటుంది. ఫోన్లో రోడ్డు గుర్తులు చూపిస్తూ నేనే చదివించాను. పిల్లలు నడుస్తున్న బొమ్మ చూపించి, "ముందు బడి ఉంది, మీరేం చేస్తారు?" అని అడిగాను.

"మన ఊరి బడా, పక్క ఊరి బడా?"

"ఏదైనా సరే మావయ్యగారూ. వేగం తగ్గించాలి."

"బడి అయిపోయాక గూడానా?"

పరీక్ష మొదటిసారి పోయింది. కంప్యూటరు ఎక్కువ తొందర పెట్టిందన్నారు. రెండోసారి గట్టెక్కారు. ఆ తర్వాత పర్చూరులో డ్రైవింగు స్కూలు. అక్కడి కారులో నేర్పేవాడి కాళ్ళ కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. అందువల్ల కొన్నాళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. ఆ రెండో బ్రేకు సంగతి మావయ్యగారికి తెలియదు. అంతా తన పనితనమే అనుకున్నారు.

ఒక ఆదివారం పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని మేకు మీది తాళాలు తీసుకున్నారు. ముందూ వెనకా ఎర్ర అక్షరం అంటించమన్నారు. అంటించాను. కానీ పక్కన లైసెన్సు ఉన్నవాళ్ళు లేకుండా ఎల్ బోర్డు కారు రోడ్డెక్కకూడదు. ఆ మాట చెబితే, "ఉన్నాడుగా దేవుడు," అన్నారు.

నేను పైకి పరుగెత్తాను. చిన్న మావయ్యగారు కిటికీలోంచి షెడ్డు వైపే చూస్తున్నారు. చిన్నత్తయ్యగారు అట్ల పెనం ముందు నుంచి కదలకుండా ఆయనతో అన్నారు: "వెళ్ళండి. కారుకేవన్నా అయితే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఆయనకేవన్నా అయితే రేపట్నుంచి ఎవరితో మాట్టాడకుండా ఉంటారు?"

చిన్న మావయ్యగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ దిగారు. ఎడమ తలుపు తీసి, ఏమీ అనకుండా కూర్చున్నారు. మావయ్యగారు ఒకసారి ఓరగా చూసి అద్దం సరిచేసుకున్నారు. భర్తను ఒంటరిగా పంపనని అత్తయ్యగారు వెనక ఎక్కారు. అత్తయ్యగారిని ఒంటరిగా పంపలేక నేనూ ఎక్కాను.

బండి రెండుసార్లు ఎగిరి ఆగింది. మూడోసారి కదిలింది. ఊరు దాటేదాకా బాగానే ఉంది. చిన్న మావయ్యగారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పెదవులు బిగించి కూర్చున్నారు. ఆయన కాలు కూడా మ్యాటును నొక్కటం చూశాను. ఈసారి నవ్వు రాలేదు. నా కాళ్ళు కూడా ముందు సీటును తంతున్నాయి.

మిరపకాయలు ఎండబెట్టే రోజులవి. చెరువు మలుపు తిరిగాక రోడ్డుకు ఎడంపక్క దిగువన కళ్ళాలు. ఎక్కడ చూసినా ఎర్రటి కాయలు పరిచి ఉన్నాయి. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. మామూలు ట్రాక్టరే గాని, గడ్డితో రోడ్డంతా తనదే అన్నట్టుంది. మావయ్యగారు దానికి దారి ఇద్దామని స్టీరింగు కొద్దిగా తిప్పారు. కొద్దిగా అన్నది ఆయన లెక్క. కారు రోడ్డు దిగి గట్టు మీదుగా జారుతోంది.

"అన్నయ్యా! బ్రేకు! బ్రేకు తొక్కు! అది కాదన్నయ్యా, అది క్లచ్చి!"

"ఏదిరా బ్రేకు? ఎక్కడ పెట్టావు?"

"నడిమిది! నడిమిది!"

నడిమిది దొరికేసరికి కారు కళ్ళం మధ్యలో, మిరపకాయల్లో కూరుకుని ఆగింది. నలిగిన కాయల ఘాటు కిటికీల్లోంచి లోపలికొచ్చింది. నలుగురం ఒకేసారి తుమ్మటం మొదలుపెట్టాం. కళ్ళు తెరవలేకపోయాం. తలుపులు తీసుకుని ఎవరికి వాళ్ళం బయట పడ్డాం. అంత తుమ్ముల్లోనూ అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని, "మాట్టాడాడు. విన్నావా? అన్నయ్యా అన్నాడు," అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు మిరపకాయల వల్లో ఇంకెందువల్లో తెలియలేదు.

కళ్ళం ఆవిడ పంగలకర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏందయ్యా ఇది? కారుతో కారం కొట్టిస్తన్నారా? ఎవుడు తోలింది?"

"నేనే తోలానమ్మా," అన్నారు చిన్న మావయ్యగారు తుమ్ముతూ.

"వాడు కాదు, నేను," అన్నారు మావయ్యగారు.

"నువ్వు ఊరుకో అన్నయ్యా."

"నేనెందుకు ఊరుకోవాల్రా? నా కారు, నేను తోలా, నేను పడేశా."

"ఎల్ బోర్డు బండికి పక్కనున్నోడిదే పూచీ. నీకు తెలవదు."

"నాకు తెలవదా? పరీక్ష రాసింది నేనా నువ్వా?"

కళ్ళం ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, నాతో, "ఈళ్ళిద్దరికీ మాటల్లేవంటిరే?" అంది. ఊళ్ళో ఆ సంగతి తెలియని వాళ్ళు లేరు. "ఇప్పుడే వచ్చాయండీ," అన్నాను.

దాంతో ఆవిడ కర్ర కింద పడేసి నవ్వింది. నవ్వింది కదా అని వదిలిపెట్టలేదు. నలిగిన కాయలు మేమే కొనుక్కునేట్టు, నలగనివి ఏరి పక్కన పోసేట్టు ఒప్పందమైంది. అన్నదమ్ములు తలలకు తువాళ్ళు చుట్టుకుని ఎదురెదురుగా గొంతుక్కూర్చుని కాయలేరారు. మూడేళ్ళ మాటలు ఒకేసారి వస్తాయనుకున్నాను. అలా ఏమీ జరగలేదు. చాలాసేపటికి మావయ్యగారు, "జీతం డ్రైవరని నేను అన్లేదురా. వాడు రాసుకున్నాడు," అన్నారు.

"నువ్వు కాదనలేదుగా," అన్నారు చిన్న మావయ్యగారు.

మావయ్యగారు ఒక తాలుకాయ ఏరి పక్కకు విసిరేశారు. "తప్పే," అన్నారు.

తర్వాత పురుగుమందుల గురించి మాట్లాడుకున్నారు.

ఇంటికి చిన్న మావయ్యగారే నడుపుకొచ్చారు. దారి పొడుగునా మావయ్యగారు ఏమీ చెప్పలేదు గాని, ఇప్పుడది అలకలా లేదు. ఆయన ఇంకా తుమ్ముతున్నారు. ఆ తర్వాత వారంలో డ్రైవింగు స్కూలు మానేశారు. లైసెన్సు రాకపోతే పోయిందని, కారే తమ్ముడి పేరు మీదికి మార్పించారు. "తోలేవాడి పేరునే ఉంటే పోలా," అన్నారు, ఆ ఆలోచన తనకు ముందు నుంచీ ఉన్నట్టు. చిన్నత్తయ్యగారు ఆ రోజు మినపట్లు కిందికి కూడా పంపారు.

ఆర్సీ మారి వచ్చాక ఏజెంటు మళ్ళీ వచ్చాడు. ఈసారి ముందే నన్ను పక్కకు పిలిచి, "ఇప్పుడు ఎవరెవరు మాట్టాడుకుంటన్నారండీ?" అని కనుక్కున్నాడు. అందరూ అని చెబితే ధైర్యంగా కూర్చున్నాడు. చిన్న మావయ్యగారి లైసెన్సు చూసుకుని, ఓనరు కవరు కింద నామినీ ఎవరని అడిగాడు.

"అన్నయ్య పేరు రాయండి," అన్నారు చిన్న మావయ్యగారు.

మెట్ల మీద కూర్చున్న చిన్నత్తయ్యగారు లేచి నిలబడ్డారు. "ఏవండీ, ఇన్నేళ్ళు అన్నం వండి పెట్టింది ఆయనా నేనా?"

"మామూలుగా భార్య పేరే రాస్తారండీ," అన్నాడు ఏజెంటు గబగబా, రాసేస్తూ.

తర్వాత మిగతా పేర్లు. సీట్లు ఐదు, స్టీరింగు దగ్గర ఒకటి పోతే నాలుగు. ఉన్నది మావయ్యగారు, అత్తయ్యగారు, చిన్నత్తయ్యగారు, మా ఆయన, నేను. ఒకరు ఎక్కువ. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అత్తయ్యగారే తీర్పు చెప్పారు.

"మావాడికి వద్దులే. వాడికి మోటారుసైకిలుంది."

మా ఆయన అప్పుడే గుంటూరులో విత్తనాల కంపెనీ డ్యూటీ నుంచి వచ్చి గడపలో చెప్పులు విడుస్తున్నారు. "ఏం చేశానే అమ్మా నేను?" అన్నారు.

"నువ్వేం చెయ్యలేదులే నాన్నా. వెనక సీటు ఇరుకు."

ఆయన నా వంక చూశారు. పాపం అనిపించింది గాని, నా సీటు ఇస్తానని నేనూ అనలేదు. ఏజెంటుకు కూడా జాలేసినట్టుంది. గొంతు సవరించుకుని, "అసలు పేర్లు రాయకుండా కూడా తీసుకోవచ్చండీ. సీట్లను బట్టే కవరు. ఆ రోజు బండిలో ఎవరుంటే వాళ్ళకి వర్తిస్తది," అన్నాడు.

అందరూ ఏజెంటు వైపు తిరిగారు.

"ఈ ముక్క మొదటి రోజే చెప్పొచ్చుగదయ్యా," అన్నారు మావయ్యగారు.

"మీరు పేర్లే కావాలన్నారుగదండీ."

మా ఆయన మొహం విప్పారింది. "అదే రాయండి," అన్నారు. అన్నదమ్ములిద్దరూ అదే బాగుందన్నారు. ఒక మాట మీద ఉండటం వాళ్ళకు కొత్త సరదాగా ఉంది అప్పట్లో. అత్తయ్యగారు మాత్రం కుర్చీ ముందుకు లాక్కుని ఏజెంటుకు ఎదురుగా కూర్చున్నారు.

"ఎవరుంటే వాళ్ళకంటే ఏంది? పేరూ ఊరూ లేకుండా ఎక్కటానికి నేనేమన్నా దారిలో చెయ్యెత్తి కారాపినదాన్నా? నా పేరు రాయి. ఇంటిపేరుతో సహా రాయి. మావాడి సంగతి తర్వాత చూద్దాం."

ఏజెంటు పెన్ను మూత తీసి, ఆవిడ ఆధార్ కార్డు అడిగాడు.